బూడిద పిల్లల్లో తెల్లపిల్ల

"తాతయ్యా, ఆ హంసల్లోకి బాతుపిల్ల ఎలా వచ్చింది?"

మనవరాలు వేలు పెట్టి చూపించాక నాకూ అదే సందేహం వచ్చింది. రెల్లుగడ్డి గూటి మీద తల్లిహంస, దాని రెక్క చాటున ఐదు పిల్లలు. నాలుగింటి నూగు బూడిద రంగు. ఐదోది అప్పుడే ఏకిన దూదిలా తెల్లగా ఉంది.

అది జూన్ మొదటి వారం. ఇంగ్లండ్ దక్షిణ తీరంలో, డోర్సెట్ ప్రాంతంలోని ఆబట్స్‌బరీ స్వానరీలో ఉన్నాం. ఎదురుగా ఫ్లీట్ అనే ఉప్పునీటి సరస్సు, దాని అవతల సముద్రానికి అడ్డుగా చెసిల్ బీచ్ గులకరాళ్ళ గట్టు. పొడవు దాదాపు 29 కిలోమీటర్లు. సముద్రానికీ సరస్సుకూ మధ్య సన్నగా సాగిన శ్రీహరికోటను, దాని వెనకాల పులికాట్‌ను చూసినవాళ్ళకు ఈ నేల అమరిక ఇట్టే అర్థమవుతుంది.

11వ శతాబ్దంలో ఇక్కడి బెనెడిక్టైన్ సన్యాసులు విందుభోజనాల కోసం హంసలను పెంచేవారు. 1539లో, ఎనిమిదో హెన్రీ రాజు మఠాలను మూయించిన కాలంలో, ఆ మఠమూ పోయింది. హంసలు మాత్రం ఉండిపోయాయి. ఇప్పుడు వాటిని తినేవారు లేరు, పంజరంలో పెట్టేవారూ లేరు. వందల హంసలు ఇష్టం వచ్చినప్పుడు ఎగిరిపోతాయి, వస్తాయి. గూళ్ళ మధ్య నుంచే జనం నడిచే బాట ఉంది. మామూలుగా ఈ జాతి హంస తన గూటి చుట్టుపక్కలకు ఇంకో హంసను రానివ్వదు. ఇక్కడ సరస్సు అడుగున మేతగడ్డి సమృద్ధిగా ఉండటంతో పక్కపక్కనే పొదుగుతాయి. ఇలాంటి చోట ఒకరి పిల్ల ఇంకొకరి గుంపులో కలిసిపోవడం వింత కాదు. అందుకే మనవరాలి ప్రశ్నను కొట్టిపారేయలేకపోయాను.

హంసల ఆలనాపాలనా చూసే ఉద్యోగి ఒకాయన గడ్డిమోపుతో అటుగా వెళుతుంటే అడిగాం. ఆయన మోపు దించి, తెల్లపిల్లను కాదు, దాని కాళ్ళను చూడమన్నాడు.

బైనాక్యులర్స్‌లో చూశాం. బూడిద పిల్లల పాదాలు పలక రంగులో ఉన్నాయి. తెల్లపిల్ల పాదాలు లేత గులాబీ, వేళ్ళ మధ్య పొర వెనక నుంచి ఎండ కనిపించేంత పలచన. తక్కినవన్నీ తోబుట్టువులవే. అదే మెడ, అదే ఒడ్డూ పొడుగూ. బాతుపిల్ల అయితే వీటి పక్కన మరీ చిన్నగా కనిపించేది. పెద్దబాతు పిల్ల అయితే ఒంటి మీద పసుపు ఉండేది, ముక్కు పొట్టిగా ఉండేది. ఇది అచ్చమైన హంసపిల్లే. ఇక్కడివాళ్ళు ఈ రకాన్ని పోలిష్ స్వాన్ అంటారు.

ఆ పేరు వెనక ఒక పొరపాటు ఉంది. బాల్టిక్ తీరం నుంచి లండన్‌కు హంసలను తెచ్చి అమ్మే వ్యాపారులు ఇలాంటి వాటిని ఆ పేరుతో పిలిచేవారు. విలియం యారెల్ అనే ప్రకృతి శాస్త్రవేత్త 1838లో వీటిని వేరే జాతిగా ప్రకటించి, 'మారనిది' అనే అర్థంలో సిగ్నస్ ఇమ్యుటాబిలిస్ అని పేరు పెట్టాడు. బూడిద రంగు దశే లేకుండా పుట్టుక నుంచి చివరిదాకా తెల్లగానే ఉంటుంది కదా! యారెల్ ఆషామాషీ మనిషి కాడు. 1830లో బ్యూయిక్ హంసను వేరుగా గుర్తించి పేరు పెట్టింది ఆయనే, ఆ పేరు నిలబడింది. ఇమ్యుటాబిలిస్ మాత్రం నిలబడలేదు. అంత నిపుణుడినే రంగు దారి తప్పించింది.

జాతి ఒకటే, తేడా ఒక్క జన్యువుది. నూగుకూ పాదాలకూ నలుపునిచ్చే వర్ణకం దానివల్ల సరిగా తయారుకాదు. ఆ జన్యువు ఉండేది జెడ్ క్రోమోజోమ్ మీద. పక్షుల్లో లెక్క మనకు తిరగేసి ఉంటుంది: మగదానికి రెండు జెడ్‌లు, ఆడదానికి ఒక్కటే, అదీ తండ్రి నుంచి వచ్చినదే. అందువల్ల ఆడపిల్ల తెల్లగా పుట్టడానికి ఒక్క జన్యువు చాలు. మగపిల్లకు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండూ రావాలి. తల్లి ఇవ్వాలంటే తల్లి కూడా పోలిష్‌దే అయి ఉండాలి, దాని కాళ్ళూ లేత రంగులోనే ఉండాలి.

అంతలో తల్లిహంస గూటి మీద లేచి నిలబడింది. కాళ్ళు నల్లగా ఉన్నాయి.

"అయితే అది అమ్మాయే కదా తాతయ్యా!" అంది మనవరాలు. ఈ గూటి పిల్లే అయితే అవును, ఆడపిల్లే. నల్లకాళ్ళ తల్లికి తెల్లటి కొడుకు పుట్టడు. నీళ్ళలో కాపలా తిరుగుతున్న తండ్రి ఆ జన్యువును మోస్తోంది. రక్తపరీక్ష లేకుండా, దూరం నుంచి కాళ్ళు చూసి ఇంత చెప్పగలగడం నాకు చాలా గొప్పగా అనిపించింది.

ఈ తెల్లపిల్ల బతుకు అంత తేలిక కాదు. బూడిద రంగు చూసి పెద్దహంసలు పిల్లదని ఊరుకుంటాయి. తెల్లగా ఉన్నది వాటి కంటికి ఎదిగిన హంసలా కనిపిస్తుంది. తోబుట్టువుల కంటే ముందే తల్లిదండ్రులు దాన్ని తరిమేయవచ్చు. బతికి బట్టకడితే జతకట్టడంలో ఇదే ముందుంటుంది.

మన తెలుగునేలకు ఈ హంస రాదు. శ్రీనాథుడి నైషధంలో రాయబారం నడిపినది కూడా ఇది కాదు. అది బంగారు హంస. అయినా ఆబట్స్‌బరీలో నేర్చుకున్న పాఠం మన ఊళ్ళోనూ అక్కరకొస్తుంది. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులో గూళ్ళు కట్టే రంగుల కొంగలను చూడండి. పెద్దవాటికి తోక దగ్గర గులాబీ ఈకలు, పసుపు ముక్కు ఉంటాయి. గూడు దాటిన పిల్లల్లో ఆ రంగులేవీ ఉండవు, ఒళ్ళంతా వెలిసిపోయిన గోధుమ రంగు. వేరే పక్షి అనుకుని నోట్‌బుక్‌లో రాసుకునే ముందు ముక్కు ఆకారం, కాళ్ళ పొడవు చూడండి. హంసల, బాతుల విషయంలోనైతే అవి గట్టు మీద ఉన్నప్పుడే చూడాలి. నీళ్ళలోకి దిగాక కాళ్ళు కనిపించవు.