చింతబొగ్గు, బెల్లపు నలుపు

చిత్తూరులో బస్సెక్కి ఐరాల వైపు పోయేవారిలో చాలామంది కాణిపాకంలోనే దిగిపోతారు. ఆ గుడి ఉన్నది ఐరాల మండలంలోనే అయినా, మండలం పేరు తెలిసినవారు బయటి ఊళ్లలో తక్కువ. పోయిన జనవరి నెలలో మేమిద్దరం ఆ దారిన ఒక పల్లెకు వెళ్ళాము. మా దూరపు బంధువుల ఇంట్లో ప్రార్థన కూడిక ఉండగా, ఒకరోజు ముందే చేరుకున్నాము.

కాణిపాకం దాటి బాహుదా నది వెనుకపడిన తరువాత బస్సులో జనం పలచబడతారు. అటు ఇటు గుండ్రాళ్ల గుట్టలు, మామిడి తోపులు, మధ్యమధ్య చెరకు మళ్లు. అది బెల్లం వండే కాలం కనుక, పెనం మీద పాకం పొంగే వాసన కిటికీలోనుండి లోపలికి వచ్చింది. చింతచెట్ల క్రింద ఆడవారు కాయలు ఏరుతున్నారు. ఈ రెండూ, అంటే బెల్లమూ చింతచెట్టూ, ఆ ఊరి బడిలో మాకు మళ్లీ ఎదురవుతాయని అప్పుడు అనుకోలేదు.

మా బంధువుల మనుమరాలు నాలుగవ తరగతి. శనివారం మధ్యాహ్నం అన్నం తిని, పాత చొక్కా ఒకటి తగిలించుకొని, "అవ్వా, బొమ్మల సంఘానికి పోతా" అని పరుగెత్తింది. అదేమిటో చూద్దామని మేమూ వెనుకే నడిచాము.

రెండు గదుల ప్రాథమిక పాఠశాల అది. వరండాలో ఇరవైమంది వరకు పిల్లలు నేల మీద కూర్చొని ఉన్నారు. వారి నడుమ, మోకాళ్ల మీద వంగి ఒక పెద్దాయన. ఊరివారు ఆయనను అయ్యోరు అంటారు. ఆయన కోరిక మేరకు పేరు వ్రాయటం లేదు. మమ్ములను చూచి లేచి, "రాండి సార్, రాండమ్మా, కూసోండి. ఈడ కుర్చీలన్నిటికీ రంగే, చూసుకొని కూసోండి" అన్నారు.

ఆయన డ్రాయింగ్ మాస్టరు కారు. మన ప్రాథమిక పాఠశాలలలో డ్రాయింగ్ మాస్టరు ఉద్యోగమే ఉండదు. అది హైస్కూలు సంగతి. ఒకటవ తరగతి నుండి అన్నీ చెప్పే మామూలు ఉపాధ్యాయుడే ఈయన. మరి ఈ పని ఎట్లా పట్టుకున్నారని అడిగాము. 1990ల ఆరంభంలో ఉద్యోగంలో చేరినప్పుడు ఇచ్చిన శిక్షణ గురించి చెప్పారు. బ్రిటిష్ ప్రభుత్వ సహాయంతో నడచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం మన పాఠకులలో పెద్దవారికి గుర్తుండవచ్చు. 1983లో కొద్దిచోట్ల మొదలై, 1989 తరువాత రాష్ట్రమంతా విస్తరించింది. దానికి ఆరు సూత్రాలు. చేస్తూ నేర్చుకోవటం ఒకటి, చుట్టూ ఉన్న పరిసరాలను వాడుకోవటం ఒకటి. ఆరవది, పిల్లలు చేసిన పనిని తరగతి గదిలోనే అందరికీ కనబడేటట్లు ప్రదర్శించటం. గది గోడనుండి గోడకు పురికొస కట్టి కాగితాలు వ్రేలాడదీసేవారు. పథకం ముగిసింది, చాలా బడులలో పురికొసలు తెగిపోయాయి. "నేను మాత్రం కొత్త దారం కట్టుకుంటా వచ్చినా" అన్నారు అయ్యోరు, తలపైకి చూపిస్తూ. నిజమే, అక్కడ బట్టలు ఆరవేసినట్లు బొమ్మలు.

ఖర్చు మాటేమిటి? రంగుల పెట్టెలు కొనే స్తోమత ఆ ఇండ్లలో లేదు. అందుకే ఆయన రంగులను ఊరిలోనే వెదకుతారు. చింతపుల్లలను కాల్చి, మట్టితో కప్పి చల్లారిస్తే గీసే బొగ్గు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు గుడ్డ మీద మొదటి గీతలు గీసేది దీనితోనే. పసుపులో సున్నం కలిపితే ఎరుపు. ఎండలో పెడితే అది వెలిసిపోతుందని పిల్లలే మాకు హెచ్చరించారు.

అన్నిటికన్న మాకు నచ్చినది నలుపు. ఒక కుండలో తుప్పు పట్టిన మేకులు, విరిగిన కొడవలి ముక్కలు, బెల్లం, నీళ్లు వేసి మూత పెడతారు. రెండు మూడు వారాలు పులియనిస్తే, చూడటానికి బురదనీళ్లవలె ఉంటుంది. కరక్కాయ నీటిలో తడిపి ఆరబెట్టిన కాగితం మీద దానితో గీస్తే, గీత వెంటనే నల్లబడుతుంది. ఇనుమూ కరక్కాయలోని వగరూ కలిసి చేసే పని అది. కాళహస్తిలో గుడ్డను కరక్కాయతోపాటు గేదెపాలలో కూడ నానబెడతారు, రంగు చెదరకుండా పాలలోని కొవ్వు ఆపుతుంది. ఆ కళకు 2008లో పద్మశ్రీ అందుకున్న జొన్నలగడ్డ గురప్పశెట్టి గారు కూడ ఒకప్పుడు బడిపంతులేనని అయ్యోరు రెండుసార్లు చెప్పారు. ఆ మాట ఆయనకు ఎంత ధైర్యమో మాకర్థమయింది.

సంఘం సాఫీగా సాగలేదు. ముందు మనవారి నుండే అడ్డు వచ్చిందని చెప్పక తప్పదు. వినాయక చవితి నుండి ఇరవైయొక్క రోజులు కాణిపాకంలో ఉత్సవాలు. పిల్లలందరికీ కళ్లలో అవే నిండి ఉంటాయి. ఒక సంవత్సరం అందరూ వినాయకుని బొమ్మ గీస్తుండగా, మా సంఘస్థుల పిల్లవాడు కూడ గీసి ఇంటికి తీసుకుపోయాడు. వాని తాత, ఉపదేశిగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాడు, మరుసటి ఉదయమే కాగితం చేతపట్టుకొని బడికి వచ్చాడు. "అయ్యోరా, ఆజ్ఞ ఏమి చెప్తాదో నీకు తెలీకపోవచ్చు, మాకు తెలుసు. మావోడు ఇంక రాడు." అయ్యోరు వాదించలేదు. "తాతా, నువ్వన్నది సరే. దేవుణ్ణి గీయమని నేను చెప్పలా. ఇంకమీద వాడు జాతరలో చూసిన మనుషుల్ని గీస్తాడు, అది తప్పా?" అన్నారట.

తాత ఒక నెల ఆలోచించాడు. నిర్గమకాండములో బెసలేలును గూర్చి ఉన్న భాగమును తానే తీసి చదువుకున్నానని మాతో అన్నాడు. విచిత్రమైన పనులు కల్పించుటకు దేవుడు ఆత్మతో నింపినవాడు గదా అతడు. నెల తరువాత మనుమణ్ణి తానే తీసుకువచ్చి వరండాలో కూర్చోబెట్టాడు. ఆ పిల్లవాడు గీసిన బుడగలు అమ్మే మనిషిని మేము చూచాము. బుడగల బరువుకు మనిషి పైకి లేచిపోతున్నట్లు వేశాడు. తాత పక్షాన మేము మాట్లాడవలసినది ఒకటుంది: ఆయన అడిగిన ప్రశ్న తప్పు కాదు. ఇంటివారు అడగాలి, బడివారు వినాలి.

రెండవ దెబ్బ 2022లో. ఆ సంవత్సరం వచ్చిన 117వ నంబరు జీవోతో చాలాచోట్లవలెనే ఇక్కడ కూడ మూడు, నాలుగు, ఐదు తరగతులు దగ్గరి హైస్కూలుకు పోయాయి. బడిలో మిగిలినది ఒకటి, రెండు తరగతులలో పదునాలుగుమంది. బొగ్గు పట్టుకొని నిలకడగా గీయగలిగినవారంతా వెళ్ళిపోయారు. "ఆ రోజు కుండలో నలుపు పారపోద్దామని ఎత్తినా" అన్నారు అయ్యోరు. పారపోయలేదు. శనివారం హైస్కూలు వదిలిన తరువాత పెద్దపిల్లలు కిలోమీటరు నడచి, సంచులతోనే ఇక్కడికి రావటం మొదలుపెట్టారు. పిలిచినవారెవరూ లేరు. 2025లో ప్రభుత్వం ఆ జీవోను రద్దు చేసిన తరువాత తరగతులు తిరిగి వచ్చాయి. పెద్దవారు మాత్రం ఇంకా శనివారాలు వస్తూనే ఉన్నారు.

"బొమ్మలేసి ఏం బతుకుతారు?" అనే ప్రశ్న ఊళ్లో ఇప్పటికీ ఉంది. మేమూ అడిగాము, కొంచెం సిగ్గుపడుతూనే. ఆయన జవాబు చెప్పకుండా ఒక మూల కూర్చున్న అమ్మాయిని చూపించారు. ఎనిమిదేళ్లుంటాయి. తల్లి పోయిన తరువాత ఏడాదిపాటు బడిలో నోరు తెరువలేదట. ఆమె కాగితం మీద పొయ్యి, పొయ్యి ముందు వెనుదిరిగి కూర్చున్న ఒక స్త్రీ. "మొగం ఎందుకు వెయ్యలేదమ్మా?" అని మాలో ఒకరు అడిగాము. "ఇంకా సరింగా గుర్తుకు రాలే. వచ్చినాక వేస్తా" అన్నది. స్పష్టంగా, మా వైపు చూచి.

అయ్యోరుకు ఈ జూన్‌తో ఉద్యోగం ముగుస్తుంది. ఆయన స్థానంలో వచ్చేవారికి బొమ్మలు వచ్చునో రాదో ఎవరికి తెలుసు? ఐదవ తరగతి పిల్లలకు మాత్రం కుండలో ఎంత బెల్లం, ఎన్ని మేకులు వేయాలో నేర్పి ఉంచారు. మేము బయలుదేరేటప్పుడు మా మనుమరాలు చేతులకు అంటిన నలుపును చొక్కాకు తుడుచుకొని, గేటు వరకు వచ్చింది. ఆ మరక పోదని వాళ్ల అవ్వ సాయంత్రం చాలాసేపు గొణిగింది.