ఓపిక లెక్క

ఇంటికొచ్చిన వాళ్లందరికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరెత్తితే చాలు, ఎడ్వర్డ్ చక్రవర్తి పట్టాభిషేకానికి ఆవిడ ఫొటో తెప్పించుకున్న కథే చెబుతారు. నాకెందుకో ఆ కథ మీద పెద్ద ఆసక్తి లేదు. ఆవిడున్న లంకల గన్నవరం గోదావరి పాయ పక్కన ఊరు. పడవ దిగినవాడు ఏ వేళప్పుడు వస్తాడో తెలీదు. పొయ్యి ఆర్పి నడుం వాల్చాక తలుపు తట్టిన మనిషికి మళ్లీ ఎసరు పెట్టడం, అదీ విసుక్కోకుండా... కష్టమంతా అక్కడుంది. దానం అనగానే మనం డబ్బు లెక్క చూస్తాం, ఓపిక లెక్క ఎవరూ రాయరు. 1909లో పోయారావిడ. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరు పెట్టారు. ఫొటో కంటే ఇది నయం. అన్నట్టు, ఆ ఇంట్లో అంట్లు తోమినవాళ్లెవరో!