రెండు చక్రాలు, మూడు ఠాణాలు



ప్రయాణం కన్నా ప్రయాణ సన్నాహమే ఎక్కువ నేర్పుతుందని నాకు ఈమధ్య తోస్తున్నది. బయలుదేరిన తరువాత కంటికి ముందున్న మలుపు మాత్రమే కనిపిస్తుంది. పటం పరచుకుని కూర్చున్నప్పుడో, ఏ దారిన పోవాలి, ఎందుకు ఆ దారినే పోవాలి అన్న ప్రశ్నలకు జవాబు చెప్పుకోక తప్పదు. అరవై ఏడో ఏట నాకీ పని తగిలింది.

దీనికి కారకుడు నా పూర్వ విద్యార్థి ఒకడు. ఎస్తోనియాలో ఉద్యోగం చేస్తున్నాడు. ఆగస్టులో మోటారు సైకిలు మీద టాలిన్ నుంచి రీగా మీదుగా లిథువేనియా రాజధాని విల్నియస్ దాకా పోవాలని వాడి సంకల్పం. "మాస్టారూ, పార్ను మీదుగా సముద్రతీరం వెంబడి పోదామనుకుంటున్నాను, ఒకసారి చూడండి" అని పటం పంపాడు. నేనేమి చూస్తాను? ఆ దేశాలను గూర్చి దొరికినంత చదివాను. 1989 ఆగస్టు 23న ఎస్తోనియా, లాత్వియా, లిథువేనియా ప్రజలు సుమారు ఇరవై లక్షల మంది చేయీ చేయీ పట్టుకుని, టాలిన్ నుంచి విల్నియస్ వరకు ఆరువందల కిలోమీటర్లకు పైగా మానవహారమై నిలబడ్డారు. తమ దేశాలను హిట్లరు, స్టాలిను ప్రభుత్వాలు రహస్యంగా పంచుకున్న 1939 నాటి ఒప్పందానికి ఆనాటికి యాభై ఏళ్ళు. ఆ మానవహారం సముద్రం ఒడ్డున సాగలేదు. విల్యాంది, వాల్మియెరా, సేసిస్ ఊళ్ళ మీదుగా లోపలి దారిన రీగాకు చేరింది.

"నాయనా, సముద్రం ఎక్కడికీ పోదు. జనం నిలబడిన దారిన వెళ్ళు" అని రాశాను. లిథువేనియా భాషలో నిప్పును 'ఉగ్నిస్' అనీ, కొడుకును 'సూనుస్' అనీ అంటారు, మన అగ్ని, సూనులను తలచుకుంటూ చెవి ఒగ్గి విను అని కూడా చేర్చాను. పండితుడి చాపల్యం! వాడు దారి మార్చుకుని, చివర ఒక్క వాక్యం రాశాడు: "మరి మీ దారి ఎప్పుడు చూస్తారు మాస్టారూ?"

ఆ ప్రశ్న నన్ను పట్టుకున్నది. మా దారి అంటే నర్సీపట్నం నుంచి కొండెక్కే దారి.

డిసెంబరు, జనవరి మాసాలలో తెల్లవారుజామున మా ఊరి మీదుగా మోటారు సైకిళ్ళు వరుసలు కట్టి లంబసింగికి పోతాయి. మంచు చూడడానికి. ఆ ఊరికి కొర్రబయలు అని మరొక పేరు. రాత్రివేళ బయట పడుకున్నవాడు తెల్లవారేసరికి కొర్రలా బిగుసుకుపోతాడని అర్థం చెబుతారు. కుర్రవాళ్ళు సరదా పడడంలో తప్పు లేదు. కాని ఆ దారి ఎట్లా పడిందో తెలిసినవారు వారిలో తక్కువ. బ్రిటిషు వారి కాలంలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ హయాంలో మన్యం వాసుల చేత ఈ కొండదారి పని చేయించారు. ఆరణాలు ముట్టవలసిన రోజు కూలికి అణానో బేడో చేతిలో పెట్టేవారని చెబుతారు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు వ్యవసాయాన్ని అంతకు ముందే బిగించింది. ఈ రెండూ కలిసి రగిలినదే 1922 నాటి మన్యం తిరుగుబాటు.

ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజులలో మూడు పోలీసు ఠాణాల మీద అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసి 26 తుపాకులు పట్టుకుపోయింది. పాఠంలో ఇది మూడు పంక్తులు. పటం మీద వేలు పెట్టి చూస్తే, కొండ పైనుంచి కిందికి దిగి, మళ్ళీ అడవిలో పడమరగా సాగిన నడక. అదీ వానాకాలంలో, ఆయుధాలు మోసుకుంటూ. ఇంటి నుంచి బయలుదేరి ఇంటికి చేరేసరికి నా బండికి రెండు వందల కిలోమీటర్లకు అటూఇటూ అవుతుంది. దానికే నాకు మూడు రోజులు కావలసి వస్తున్నది.

తేదీలు కలిసేటట్టు ఆగస్టులోనే వెళ్ళాలని ఉబలాటపడ్డాను. మా మెకానిక్ కుర్రవాడు స్ప్లెండర్ బండి చూసి బ్రేకు షూలు, చైన్ సెట్, వెనుక టైరు మార్చాలన్నాడు. "దిగేటప్పుడు న్యూట్రల్ చెయ్యకండి మాస్టారూ, రెండో గేరులోనే దించండి. వానల్లో మాత్రం వద్దు" అని ఖచ్చితంగా చెప్పాడు. కంటి వైద్యుడిది మరొక షరతు. ఒక కంటికి శుక్లం తీశారు, రెండో కంటికి మొదలయింది. పొద్దుగుంకాక బండి ముట్టుకోరాదు. ఇక మా ఆవిడ: "వెనక నేను కూర్చుంటేనే బండి గుమ్మం దాటుతుంది. అట్లా అయితే వెళదాం, లేకపోతే లేదు."

యాభై అయిదు దాటినవారికి లైసెన్సు ఒకసారికి అయిదేళ్ళకే ఇస్తారు. వైద్యుని ధ్రువపత్రం జత చేయాలి. నా గడువు వచ్చే జనవరిలో ముగుస్తుంది. రెండో కంటి సంగతి తలచుకుంటే ఆ పత్రం మీద సంతకం పడుతుందని ధీమాగా చెప్పలేను. అందుచేత ఈ ప్రయాణాన్ని మరుసటి ఏటికి వాయిదా వేసే వీలు లేదు.

కడకు మార్గశిరంలో అని తీర్మానించాము. మంచు విడిచాక ఎనిమిది గంటలకు బయలుదేరి, మధ్యాహ్నం మూడింటికి ఆగిపోవాలి. మొదటి రోజు లంబసింగి మీదుగా చింతపల్లి. రెండో రోజు ఘాటు దిగి కృష్ణదేవిపేట, అక్కడ సీతారామరాజు సమాధి. మూడో రోజు, 1924 మే 7న ఆయనను కాల్చిచంపిన కొయ్యూరు మీదుగా రాజవొమ్మంగి, అక్కడి నుంచి ఇల్లు. బయలుదేరే ముందు మా ఊళ్ళోనే ఉన్న రెండు సమాధులూ చూడాలి. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి వద్ద దళం కాల్పులలో మరణించిన కవర్డ్, హైటర్ అనే ఆంగ్ల అధికారులవి. ఎవరి పక్షాన పోరాడినా, ఈ కొండల్లోనే పోయినవారు.

దారి వేసిన కూలీలకు మాత్రం ఎక్కడా సమాధి లేదు, పేరు లేదు. వారి గుర్తు ఆ దారే. లంబసింగి ఘాటులో ఏదో ఒక మలుపు వద్ద బండి ఆపి, మేమిద్దరం కాసేపు నడుస్తాము. ఎక్కడ ఆగాలో ఇప్పుడే నిర్ణయించుకోలేదు. మా ఆవిడ మోకాళ్ళు ఎక్కడ ఆగమంటే అక్కడ.

చింతపల్లిలో ఇద్దరు ముసలివాళ్ళు ఒక రాత్రి తలదాచుకోవడానికి వేన్నీళ్ళ వసతి గల చోటు ఎరిగిన మిత్రులు చెబితే కృతజ్ఞుణ్ణి.