కావలివాడి వివేకం

2020లో కరోనా వచ్చినప్పటినుంచీ మన యిళ్ళల్లో ఒక ఇంగ్లీషు మాట ఉప్పూ చింతపండులాగా నిత్యవాడుకలోకి వచ్చేసింది. అదే "ఇమ్యూనిటీ". మిరియాలూ శొంఠీ పసుపూ యే పాళ్ళలో వేసి కషాయం కాచాలో ఆ పేరు చెప్పే బోధిస్తున్నారు. బిస్కెట్లు అమ్మేవాడూ ఆ పేరే చెబుతున్నాడు, నూనె అమ్మేవాడూ ఆ పేరే చెబుతున్నాడు. అందరి అభిప్రాయమూ ఒకటే: రోగాన్ని యెదిరించే శక్తి యెంత వుంటే అంత మంచిది. ఇంట్లో పాడిలాగా, పెట్టెలో డబ్బులాగా, అది యెక్కువై చెడేది లేదు!

ఈ మాటలు విన్నప్పుడల్లా నాకు మా అక్కయ్య చేతివేళ్ళు కళ్ళముందు మెదులుతాయి.

అక్కయ్యకు 42వ యేట వేళ్ళ కణుపులు వాచాయి. మొదట ఉంగరం బిగిసింది. తరవాత తెల్లవారి లేస్తే పిడికిలి ముడుచుకు రావడం మానేసింది. గంటసేపు వేడినీళ్ళలో పెట్టుకుంటేగాని కాఫీ గ్లాసు పట్టుకోలేదు. ఎడమచేతికి వచ్చినదే కుడిచేతికీ వచ్చింది. కుక్కరు మూత తియ్యడానికి బావగారిని పిలవవలసి వచ్చేది. ఏడో క్లాసు చదివే కూతురు, తల్లి అవస్థ చూసి, తన జడ తనే వంకరగా అల్లుకుని బడికి వెళ్ళేది. ఆ జడ చూసి అక్కయ్య మొహం తిప్పుకునేది.

చుట్టుపక్కలవాళ్ళు వూరుకుంటారా? "అరవై దాటాక రావలసిన నొప్పులు యిప్పుడే వచ్చాయంటే వొంట్లో బలం లేదన్నమాట!" అని తేల్చారు. ఒకరు లేహ్యం తెచ్చారు, ఒకరు టానిక్కు చెప్పారు. చివరికి బెజవాడలో కీళ్ళ వైద్యుడికి చూపించాము. ఆయన రక్తపరీక్షల కాగితాలు చూసి, "ఇది వయస్సుతో వచ్చే మోకాళ్ళ అరుగుదల కాదమ్మా, కీళ్ళవాతం. రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ అంటారు. మీ కావలివాడు బలహీనుడై రాలేదు యిది. కావలివాడే యింట్లోవాళ్ళమీద తిరగబడ్డాడు. వాడికి యింకా బలం పోస్తే యెలాగ?" అన్నాడు.

తిరుగు బస్సులో అక్కయ్య చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూచుంది. తరవాత, "ఒరే తమ్ముడూ! నా వొంటికి నేనేం అపకారం చేశానురా? నా వొళ్ళే నన్నెందుకు కొడుతోంది?" అంది.

ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ నేను చదివి తెలుసుకున్న సంగతులు చెబుతాను.

అసలు వొళ్ళు తన్ను తాను కొట్టుకుంటుందన్న మాటే పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు చాలాకాలం నమ్మలేదు. 1900 ప్రాంతంలో జర్మనీలో పాల్ ఎర్లిక్ అనే మహానుభావుడు మేకలకు వేరే మేకల రక్తం యెక్కించి చూశాడు. వాటి వొంట్లో ఆ రక్తానికి విరుగుడు పదార్థాలు పుట్టాయి. కాని యే మేకా తన సొంత రక్తానికి విరుగుడు పుట్టించుకోలేదు. దాంతో ఆయన, శరీరానికి తన్ను తాను హింసించుకోవడమంటే సహజంగానే మహాభయమని చెప్పి, ఆ భయానికి లాటిన్ భాషలో ఒక పేరు కూడా పెట్టాడు. ఆ పేరు మంత్రంలాగా యాభై యేళ్ళు నిలిచింది.

1956లో ఆ మంత్రం విఫలమైంది. అమెరికాలో బఫెలో నగరంలో ఎర్నెస్ట్ విటెబ్‌స్కీ అనే ఆచార్యుడు, నోయెల్ రోజ్ అనే పడుచు పరిశోధకుడు కుందేళ్ళతో పనిచేస్తున్నారు. వాటి గొంతులోని థైరాయిడ్ గ్రంథి సారం వాటికే యెక్కిస్తే, ఆ కుందేళ్ళు తమ గ్రంథిని తామే పాడుచేసుకున్నాయి. విటెబ్‌స్కీ ఎర్లిక్ శిష్యపరంపరలోని వాడే. పరమగురువు మాట శిష్యుడి చేతులమీదుగానే వమ్మయింది!

మరి ఆ కొట్టేవాళ్ళెవరు? 1961లో దీనికి ఒక ఆధారం లండనులో దొరికింది. గుండెకు పైన, రొమ్ముయెముక వెనక, థైమస్ అనే గ్రంథి వున్నది. చిన్నతనంలో పెద్దదిగా వుండి యీడేరిన తరవాత క్రమంగా కుదించుకుపోతుంది. అంచేత అది పనికిరాని వస్తువని వైద్యులు కొట్టిపారేశారు. జాక్ మిల్లర్ అనే ఆయన అప్పుడే పుట్టిన యెలుకపిల్లలకు ఆ గ్రంథి తీసివేశాడు. అవి యెదగక చిక్కిపోయి, రోగాలపాలయ్యాయి. వేరే యెలుక చర్మం తెచ్చి అతికించినా, యిది పరాయిదని కనిపెట్టలేకపోయాయి. పనికిరానిదన్న ఆ గ్రంథి నిజానికి కావలివాళ్ళకు శిక్షణ యిచ్చే బడి అని తేలింది. అక్కడ చదివి బయటికి వచ్చే తెల్లకణాలకే, థైమస్ మొదటి అక్షరం పెట్టి, టి కణాలని పేరు వచ్చింది.

ఈ బడి చాలా కఠినమైనది. అక్కడ రెండు పరీక్షలు. మన కణాలు తమలో వున్న సరుకు ముక్కల్ని పళ్ళెంలో పెట్టినట్లు బయటికి చూపిస్తూ వుంటాయి. ఆ పళ్ళెం గుర్తుపట్టగలగడం మొదటి పరీక్ష. పళ్ళెంలో మన సొంత సరుకే వున్నప్పుడు చెయ్యి చేసుకోకుండా వుండడం రెండో పరీక్ష. చేరినవాళ్ళలో నూటికి 90కి పైగా యీ పరీక్షల్లో తప్పుతారు. తప్పినవాళ్ళకు సెప్టెంబరు పరీక్షలు లేవు. అక్కడే చచ్చిపోతారు.

ఇంత కఠినమైన బడిలోనూ కొందరు దుడుకువాళ్ళు కన్నుగప్పి బయటపడతారు. ఇక్కడ నాకు ఆశ్చర్యం కలిగించిన సంగతేమిటంటే, అలాంటివాళ్ళు జబ్బున్నవాళ్ళ వొంట్లోనే కాదు, నాబోటి మీబోటి ఆరోగ్యవంతుల వొంట్లోనూ తిరుగుతూ వుంటారు. అయితే మనకందరికీ కీళ్ళవాతం యెందుకు రాలేదు?

దీని గుట్టు విప్పినది జపానువాళ్ళు. 1969లో నిషిజుకా, సకాకురా అనే యిద్దరు, పుట్టిన మూడో రోజున యెలుకపిల్లలకు థైమస్ తీసివేస్తే వాటి అండాశయాలు పాడైపోయాయని చూశారు. ఇది వింతగదా! బడి మూసేస్తే కొట్టేవాళ్ళు తగ్గాలిగాని, దెబ్బలు పెరగడమేమిటి? షిమోన్ సకగూచి అనే ఆయన యీ ప్రశ్న పట్టుకుని యేళ్ళతరబడి విడవలేదు. ఆరోగ్యంగా వున్న యెలుకల టి కణాలు తెచ్చి యీ యెలుకలకు యెక్కిస్తే జబ్బు రాకుండా ఆగింది. అంటే ఆ బడిలో కొట్టేవాళ్ళతోపాటు, కొట్టేవాడి చెయ్యి పట్టుకుని ఆపేవాళ్ళు కూడా తయారవుతున్నారన్నమాట. 1995లో ఆయన వాళ్ళను గుర్తుపట్టే ఆనవాలు చూపించాడు.

2001లో అమెరికాలో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ అనేవాళ్ళు, పుట్టుకతోనే వొళ్ళు తన్నుకునే ఒక యెలుక జాతిలో యే జన్యువు చెడిందో కనిపెట్టారు. దాని పేరు ఫాక్స్‌పి3. ఆ జన్యువు చెడితే పసిబిడ్డల్లోనూ అటువంటి ఘోరమైన జబ్బే వస్తుంది. ఆ నిగ్రహించే కణాలు తయారు కావడానికి కావలసిన జన్యువు అదేనని తరవాత తేలింది. ఈ ముగ్గురికీ కలిపి 2025లో వైద్యంలో నోబెల్ బహుమానం యిచ్చారు.

ఇక అక్కయ్య కణుపుల్లో జరుగుతున్నదేమిటి? దుడుకుగా వున్న టి కణాలు కీలు లోపలి పొరలో చేరి, మరో జాతి కణాలను పురమాయిస్తాయి. అవి వొంటి సొంత సరుకుకే విరుగుడు పదార్థాలు తయారు చేస్తాయి. ఇంకా కొన్ని కణాలు వాపు పుట్టించే రసాయనాలు కుమ్మరిస్తాయి. పల్చగా వుండవలసిన పొర దళసరై, మృదులాస్థినీ యెముకనూ కొరుక్కు తింటుంది. ఆపేవాళ్ళ మాట అక్కడ చెల్లదు. ఇది కొంత వంశంలో వచ్చే గుణం, కొంత పొగతాగడం వంటి కారణాలు, కొంత అదృష్టం. మగవాళ్ళకన్న ఆడవాళ్ళకు రెండు మూడు రెట్లు యెక్కువ. ఇదే కథ క్లోమంలో జరిగితే పసివాళ్ళకు ఇన్సులిన్ అవసరమయ్యే మధుమేహం వస్తుంది.

వైద్యుడు అక్కయ్యకు రాసినది మెథోట్రెక్సేట్ అనే మాత్ర. వారానికి ఒక్కసారే వెయ్యాలి. రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పని ఆయన కాగితంమీద ఎర్రసిరాతో రెండుసార్లు గీత గీశాడు. బావగారు గోడ క్యాలెండరులో ఆదివారాలన్నిటికీ సున్నా చుట్టి, మాత్ర వేసుకోగానే లోపల టిక్కు పెట్టేవాడు. ఇది క్యాన్సరుకు వాడే మందని యెవరో చెప్పగా అక్కయ్య మొదట భయపడి రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. క్యాన్సరుకు యిచ్చే మోతాదు పెద్దది, కీళ్ళకు యిచ్చేది చాలా చిన్నది అని వైద్యుడు నచ్చజెప్పాడు.

ఈ మాత్ర పుట్టుక వెతికితే మన భీమవరం తగిలింది! అక్కడ 1895లో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికా వెళ్ళి, తరవాత లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలు నడిపించారు. ఆయన సోదరుడు స్ప్రూ అనే జబ్బుతో పోయాడు. ఆ జబ్బులో కొరతపడే ఫోలిక్ ఆమ్లాన్ని 1940ల నడుమ ఆయన బృందమే కృత్రిమంగా తయారు చేసింది. తరవాత దానికి యెదురుగా పనిచేసే మందులూ అక్కడే తయారయ్యాయి. వాటిలో ఒకదాన్ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సరు వచ్చిన పసిపిల్లలకు యిచ్చాడు. ఫలితాలు లోకానికి తెలిసినది 1948లో. ఆ యేడే సుబ్బారావుగారు పోయారు. ఆ కుటుంబంలోదే మెథోట్రెక్సేట్. ఆ మందు చెరుపు చెయ్యకుండా మర్నాడు అక్కయ్య వేసుకునే ఫోలిక్ ఆమ్లం మాత్రా ఆ ప్రయోగశాలదే. ఆదివారం మాత్రా, సోమవారం మాత్రా రెండూ భీమవరంవారి చలవే అని చెబితే, చాలా రోజుల తరవాత అక్కయ్య నవ్వింది.

మూడో నెలకు వాపు తీసింది. నెలనెలా రక్తపరీక్ష తప్పలేదు. వంకరపోయిన రెండు వేళ్ళు మాత్రం అలాగే వుండిపోయాయి; యెముక ఒకసారి కరిగితే మళ్ళీ రాదు. ఇప్పుడు యెవరైనా వచ్చి ఇమ్యూనిటీ పెంచే పొడి తీసుకోమంటే, "నాకు వున్నదే యెక్కువైందండీ, కావలిస్తే మీకు కాస్త యిస్తాను!" అంటుంది.

జర్మనీలో 2022లో మరో ముందడుగు పడింది. వొళ్ళంతా దెబ్బతీసే లూపస్ జబ్బు వున్న అయిదుగురి టి కణాలనే బయటికి తీసి, దారి మార్చి, విరుగుడు పదార్థాలు తయారుచేసే కణాలమీదికి పంపించారు. అయిదుగురికీ జబ్బు అణిగిందట. ఇల్లు పాడుచేసినవాడి చేతనే యిల్లు కట్టించినట్లయింది.

అక్కయ్య బస్సులో అడిగిన ప్రశ్నకు నాకు దొరికిన జవాబు యిది. ఆమె తప్పేమీ లేదు. వొంటికి ఆమెమీద పగా లేదు. మనందరి వొంట్లోనూ వున్న దుడుకువాళ్ళే ఆమె వొంట్లోనూ వున్నారు. వాళ్ళను ఆపే చెయ్యి ఒకచోట జారింది, అంతే. అంచేత యింట్లో యెవరికైనా తెల్లవారి లేవగానే వేళ్ళు గంటసేపు బిగుసుకుపోతూ, కణుపులు వాచి, కొన్ని వారాలైనా తగ్గకపోతే, బలం మందుల కోసం వెతక్కండి. ముందు కీళ్ళ వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్ళండి. మేము తీసుకువెళ్ళేటప్పటికి రెండు వేళ్ళు పోయాయి. మిగిలిన యెనిమిదితోనూ అక్కయ్య యిప్పుడు కూతురికి జడ వేస్తోంది.