సంగమం దగ్గర ఒక ఊరు

కిందటి వేసవిలో సెయింట్ లూయిస్ నుంచి మెంఫిస్ వెళ్తూ మేమిద్దరం కాస్త దారి మళ్ళి, ఇల్లినాయ్ రాష్ట్రం దక్షిణపు కొసన ఉన్న ఒక చిన్న ఊరు చూశాం. పేరు ఈజిప్టు రాజధానిదే అయినా అక్కడివాళ్ళు ‘కేరో’ అంటారు.

ఒహాయో నది మిసిసిపీలో కలిసేది ఇక్కడే. రెండు రంగుల నీళ్ళు కొంతదూరం పక్కపక్కనే సాగుతాయి. సంగమం కనిపిస్తే మనవాళ్ళం ఊరుకుంటామా? వంగి నాలుగు చుక్కలు నెత్తిన చల్లుకున్నాం.

ఊళ్ళోకి వెళ్ళాక ఆ సంతోషం నిలవలేదు. వీధి పొడుగునా ఖాళీ దుకాణాలు. 1920లో 15 వేల పైచిలుకు జనం. 2020 లెక్కల్లో 1,733. నల్లవారితో కలిసి ఈదడం ఇష్టంలేక 1960లలో ఈతకొలనే మూసేశారట. వారికి ఉద్యోగాలివ్వని దుకాణాలు 1969లో మొదలైన బహిష్కరణతో చాలావరకు మూతపడ్డాయి. 1986లో ఆసుపత్రీ పోయింది.

మేము డాక్టర్లమని తెలిసి ఒక పెద్దావిడ, “మా ఊరొచ్చి ఉండకూడదూ?” అంది. నవ్వి ఊరుకున్నాం.

కారులో చాలాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు. దేశం వదిలేటప్పుడు మా ఊరి పెద్దలూ ఇదే మాట అడిగారు. “రెండేళ్ళలో వచ్చేస్తాం” అన్నాం అప్పుడు. ఈవిడకు ఆ మాత్రం అబద్ధమైనా చెప్పలేకపోయాం.