భాయిజాన్ పీఎస్పీ, మూడు డిస్కులు

రంజాన్‌కి ముందు ఇల్లు సర్దుతుంటే భాభీకి బీరువాలో, పాత షేర్వానీ కింద ఒక బూట్ల డబ్బా దొరికింది. అందులో మా భాయిజాన్ పీఎస్పీ, దాని చార్జరు, మూడు డిస్కులు. ఇషా నమాజ్ అయ్యాక నేను వాళ్లింటికి వెళ్లేసరికి భాయిజాన్ కొడుకు దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. "చిచ్చా, యే చాలూ హోతా క్యా?" అన్నాడు సలామ్ కూడా మర్చిపోయి.

భాయిజాన్ ఇంతెఖాల్ 2021లో. ఆ పీఎస్పీని 2010లో దమ్మామ్‌లో కొన్నాడు, కొడుకు పుట్టాడని కబురు అందిన నెలలోనే. పిల్లాడి కోసం కొన్నానని ఫోన్లో చెప్పాడు. పది రోజుల పిల్లాడికి వీడియో గేమ్ ఎందుకని అమ్మీ తిట్టింది కూడా. ఆడుకున్నది తనే.

లెక్క ప్రకారం ఇదీ మర్హూమ్ వదిలిన ఆస్తే కదా, మీరాస్‌లో అమ్మీకి, భాభీకి కూడా హిస్సా ఉంటుంది. అందుకని ఇద్దర్నీ అడిగాను. ఇద్దరూ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి, పిల్లాడికి ఇచ్చెయ్ అన్నారు.

వెనక మూత పైకి లేచి ఉంది. బ్యాటరీ ఉబ్బింది. పాత పీఎస్పీలకి మామూలుగా వచ్చే రోగం ఇదే. మీ ఇంట్లోనూ ఇలాంటిది ఉంటే చార్జింగ్ పెట్టొద్దు, పిన్నుతో గుచ్చొద్దు, మెల్లగా బయటికి తీసెయ్యండి. బ్యాటరీ లేకుండా చార్జరు మీదే నడుస్తుంది. అలాగే పెట్టాను. పక్కనున్న స్విచ్ పైకి జరపగానే ఆకుపచ్చ దీపం వెలిగింది. సెట్టింగుల్లోకి వెళ్తే నిక్‌నేమ్ దగ్గర 'చోటూ' అని ఉంది. టైమ్ జోన్ రియాద్.

చోటూ అంటే వీడే. ఇప్పుడు పద్నాలుగేళ్లు, మీసం మొలుస్తోంది, ఆ పేరుతో పిలిస్తే పలకడు. ఏమీ అనకుండా చూశాడు.

ఆ తర్వాత జరిగిన దాంట్లో తప్పు నాదే. మెనూ రంగు మారుస్తానని వాడు అడిగితే సరే అన్నాను. వాడు రంగు మార్చి నొక్కుతూనే భాభీకి చూపించడానికి లేచాడు. వైరు ఊడింది. మళ్లీ పెట్టి ఆన్ చేస్తే, సెట్టింగుల సమాచారం పాడైంది, బాగుచెయ్యడానికి బటన్ నొక్కండి అని నాలుగైదు భాషల్లో వచ్చింది. ఇంకో దారి లేదు, నొక్కాను. కొత్త యంత్రంలాగా మొదటి నుంచీ అడగడం మొదలుపెట్టింది: భాష ఏది, టైమ్ జోన్ ఏది, పేరు ఏది. భాయిజాన్ పధ్నాలుగేళ్ల కింద నింపిన జవాబులన్నీ పోయాయి. బ్యాటరీ కొనేదాకా ఆగాల్సింది. ఆ మాత్రం సబర్ లేకపోయింది నాకు.

ఆటల సేవ్‌లు మాత్రం మెమరీ స్టిక్‌లో ఉంటాయి, వాటికేం కాలేదు. ఆ రాత్రే స్టిక్‌లో పీఎస్పీ ఫోల్డర్ కింద ఉన్న సేవ్‌డేటాని నా లాప్‌టాప్‌లోకి ఎక్కించి, ఇంకో కాపీ పెన్‌డ్రైవ్‌లో పెట్టి భాభీ చేతికిచ్చాను. ఎవరైనా ఇలాంటి పని మొదలుపెడితే ఇదే ముందు చెయ్యాలి.

కొత్త బ్యాటరీ వచ్చాక అసలు సమస్య బయటపడింది. డిస్క్ పెడితే లోపల కీచుమని తిరుగుతోంది, ఒకసారి చదువుతుంది, మూడుసార్లు చదవదు. యూఎమ్‌డీ అనే ఆ చిన్న డిస్కులు పీఎస్పీకి తప్ప మరి దేనికీ పనికిరావు. వాటిని చదివే లేజర్ ముసలిదైపోయింది. ఆట మెమరీ కార్డులోంచి నడవాలంటే కస్టమ్ ఫర్మ్‌వేర్ వెయ్యాలి.

వెయ్యడం పెద్ద హునర్ ఏమీ కాదు. భాయిజాన్ మెషీన్ 3000 మోడల్, లోపల 6.20 సాఫ్ట్‌వేర్ ఉంది. ముందు సోనీ వాళ్ల ఆఖరి అధికారిక సాఫ్ట్‌వేర్ 6.61 ఎక్కించాను. అది 2015లో వచ్చింది. ఆ తర్వాత స్టిక్‌లోని గేమ్ ఫోల్డర్‌లో ప్రో అనే కస్టమ్ ఫర్మ్‌వేర్ ఫైళ్లు పెట్టి, ఆటను నడిపినట్టే నడిపాను. నల్ల తెర మీద నాలుగు లైన్లు వచ్చాయి, ఒక బటన్ నొక్కాను, అయిపోయింది. మొత్తం సమయంలో నేను కంగారుపడింది 6.61 ఎక్కే ఆ కొద్ది నిమిషాలే, మధ్యలో కరెంటు పోతే అది ఇటుకే. బ్యాటరీ నిండుగా ఉండి, చార్జరు కూడా తగిలించి, పిల్లాణ్ణి అవతలి గదిలో కూర్చోబెట్టి చేశాను.

ఒక చిక్కుంది. 3000లో ఈ ప్రో నిలవదు. నిద్రపుచ్చితే ఫర్వాలేదు గానీ, పూర్తిగా ఆపేసి మళ్లీ ఆన్ చేస్తే పాత అధికారిక రూపంలోకి వెళ్లిపోతుంది. అప్పుడు ఫాస్ట్ రికవరీ అని ఉంటుంది, దాన్ని ఒకసారి నడపాలి. ఇన్ఫినిటీ అనే మరో పనిముట్టుతో శాశ్వతం చెయ్యొచ్చు. నేను చెయ్యలేదు. యంత్రం తన అసలు రూపంలోకి వెళ్లే దారి ఉండనీ అనిపించింది.

ఇక సెలెక్ట్ బటన్ నొక్కితే చిన్న మెనూ వస్తుంది. అందులో ప్రాసెసర్ వేగాన్ని 333కి పెంచొచ్చు, ఆట త్వరగా లోడవుతుంది, చార్జింగూ త్వరగా అవుతుంది, అంటే అయిపోతుంది. అదే మెనూలో యూఎస్‌బీ డివైస్ దగ్గర యూఎమ్‌డీ డిస్క్ అని మార్చి కంప్యూటర్‌కి కలిపితే, లోపలి డిస్క్ మొత్తం ఒకే ఫైలుగా కనబడుతుంది. దాన్ని కాపీ చేసుకుని స్టిక్‌లో ఐఎస్ఓ అనే ఫోల్డర్‌లో పెట్టాలి. టెక్కెన్ ఐదోసారికి గానీ కాపీ అవలేదు. బర్నౌట్ లెజెండ్స్, ఫిఫా 10 ఒక్కసారికే వచ్చేశాయి.

మూడూ ఎక్కాయి. వాడు మెనూలో పైకీ కిందికీ తిప్పి చూసి, "బస్, ఇంతేనా?" అన్నాడు. వాడి దోస్తు ఒకడి దగ్గర రెండొందల పీఎస్పీ ఆటలున్న హార్డ్‌డిస్క్ ఉందట. ఒక్క మాట చెబితే తెచ్చిస్తాడట.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. 2011 నుంచి మూడేళ్లు నేను కర్నూల్లో ఒక మొబైల్ షాపులో పనిచేశాను. మెమరీ కార్డులో పాటలు, సినిమాలు నింపడం నా పని. రెండు జీబీ కార్డు నిండా పాటలకి యాభై రూపాయలు. పీఎస్పీ తెస్తే పది ఆటలకి మూడొందలు. పాత 1000 మోడళ్ల కోసం సేట్ దగ్గర పండోరా బ్యాటరీ అని ఒకటి ఉండేది, అది పెడితే మెషీన్ నేరుగా సర్వీస్ మోడ్‌లో లేచేది. 3000 మీద అది పనిచేసేది కాదు. ఈ విద్య నాకొచ్చింది అక్కడే. జుమాకి షట్టర్ దించి మసీదుకు వెళ్లేవాళ్లం, వచ్చి మళ్లీ అదే పని. ఒక్క రోజు కూడా ఇది ఎవరి సొమ్మని ఆలోచించలేదు. ఆ జీతంతోనే అబ్బాకి ఈద్ బట్టలు కొన్నాను.

తర్వాత చదివి తెలుసుకున్నాను. ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 1988లోనే కువైట్ సమావేశంలో తీర్మానం చేసింది: రచన, ఆవిష్కరణ, ట్రేడ్ పేరు లాంటి హక్కులు షరియత్ దృష్టిలో ఆస్తే, వాటి మీద చెయ్యి వెయ్యకూడదు అని. వేరే రాయ్ ఉన్న ఉలమా కూడా ఉన్నారు, కాదనను. కానీ నా మనసు అకాడమీ మాటకే ఒప్పుకుంది. మనం కొన్న డిస్క్ పాడవకుండా కాపీ తీసుకోవడం సంగతి వేరు, దానికి మన దేశపు 1957 కాపీరైట్ చట్టంలో 52వ సెక్షన్ కూడా చోటిచ్చింది.

వాడికి ఇదంతా చెప్పాను. వాడు విని, నేను ఊహించని చోట పట్టుకున్నాడు. "చిచ్చా, వీటిని ఇప్పుడు అమ్మేవాడే లేడు కదా. డబ్బిస్తానన్నా తీసుకునేవాడు లేడు. మరి ఎవరి హక్ పోతుంది?"

కొంతవరకు నిజమే, పీఎస్పీలోంచి నేరుగా ఆటలు కొనే దారి ఇప్పుడు లేదు. షాపుల్లో కొత్త డిస్కుల్లేవు. నా దగ్గర గట్టి జవాబు లేదు. యజమాని తలుపు వేసుకున్నంత మాత్రాన ఇల్లు మనదైపోదని అన్నాను. "కూలిపోతుంటే కూడానా?" అన్నాడు. నేను చాయ్ తాగాను.

చివరికి ఒక రాజీకి వచ్చాం. సెకండ్ హ్యాండ్ డిస్కులు దొరుకుతాయి, ఈదీ డబ్బులతో వాడికి నచ్చినవి కొని ఇద్దరం కలిసి కాపీ చేసుకుంటాం. అప్పటిదాకా ఇచ్చేవాళ్లు ఖుషీగా ఇచ్చిన ఆటలు ఆడతాడు. అలాంటివి ఉన్నాయి. కేవ్ స్టోరీ అని జపాన్‌లో దైసుకె అమాయా అనే ఆయన ఒక్కడే కూర్చుని ఐదేళ్లు కష్టపడి తయారుచేసి 2004లో అందరికీ ఉచితంగా ఇచ్చాడు. దాన్ని పీఎస్పీకి మార్చినవాళ్లున్నారు. అది వేసిచ్చాను. మొదట ముఖం చిట్లించాడు, బొమ్మలు పాతవని. మగ్రిబ్‌కి పిలిస్తే ఒక్క నిమిషం అన్నాడంటే నచ్చినట్టే.

దోస్తు హార్డ్‌డిస్క్ వాడు నిజంగా వదిలేశాడా అంటే నేను వాడి స్టిక్ తనిఖీ చెయ్యను. నా సేట్ కూడా నన్ను ఎప్పుడూ తనిఖీ చెయ్యలేదు.

నిక్‌నేమ్ వాడే కొట్టుకున్నాడు, తన పేరు పక్కన మూడు అంకెలు. చోటూ అని పెట్టమని నేను అడగలేదు. టైమ్ జోన్ దగ్గర మాత్రం కాసేపు ఆగి, ఇండియా పెట్టాడు.

వెళ్లబోతుంటే భాభీ వంటగదిలోంచి వచ్చి, అందులో ఆయనది ఇంకేమైనా మిగిలిందా అని అడిగింది. సేవ్ డేటా జాబితా తెరిచి చూపించాను. ప్రతి సేవ్ పక్కనా తేదీ, టైము ఉంటాయి. అన్నీ 2011, 2012వి. భాభీ కళ్లద్దాలు సరిచేసుకుని ఒక్కొక్కటే చదివింది. రాత్రి ఒకటిన్నర. రెండూ పది. ఒంటిగంటా నలభై.

"రెండూ పదా?" అంది. "రోజూ ఫోన్లో పదింటికే పడుకుంటున్నానని చెప్పేవాడు నాకు. పొద్దున డ్యూటీ ఉంది, పెట్టెయ్ అనేవాడు."

కొడుకు వైపు తిరిగి, "చూశావా మీ అబ్బూని" అంది. వాడు నవ్వాడు. తర్వాత ఆ జాబితా కిందిదాకా జరపమని వాడికి చెప్పి, పక్కనే కూర్చుంది.