వజీర్‌కు మోచెయ్యి తగిలింది

మా చిన్నదానికి పదేళ్లు. షత్రంజ్ అంటే జాన్ ఇస్తుంది. పోయిన చలికాలం ఓ పిల్లల టోర్నమెంటుకు తీసుకుపోయాను. తల్లిదండ్రులం హాలు బయటే ఉండాలి. మూడో రౌండ్ అయ్యాక ఏడ్చుకుంటూ వచ్చింది.

"ఉనే వజీర్ కూ హాత్ లగాయా అబ్బా. మై దేఖీ."

ఎదుటి పిల్లవాడు గుర్రం కోసం చెయ్యి చాపాడట. స్వెటర్ మోచెయ్యి వజీర్‌కు తగిలి ఒరిగింది. వాడు వేలితో నిలబెట్టి గుర్రాన్నే కదిపాడు. ముట్టుకున్న పావును కదపాల్సిందే, వజీర్‌ను కదిపితే వాడి ఆట ఖతం. మాది చెయ్యెత్తి ఆర్బిటర్‌ను పిలిచింది. ఆయన గడియారం ఆపి, ఇద్దరినీ అడిగి, పొరపాటున తగిలిందని తేల్చాడు. మాది ఓడిపోయింది.

జర్నలిస్టును కదా, ఫోన్లో రూల్స్ తెరిచి ఆయన దగ్గరికి వెళ్లాను. సర్దుకోవాలంటే ముందే చెప్పాలని నాలుగో ఆర్టికల్‌లో ఉందని చూపించాను. ఆయన నవ్వి అదే ఆర్టికల్‌లో ఇంకో వాక్యం చూపించాడు. పొరపాటున తగిలిందని స్పష్టంగా తెలిస్తే తప్ప, ముట్టుకోవడాన్ని కదిపే ఉద్దేశం కిందే లెక్కగట్టాలట.

"స్పష్టమా కాదా అని ఎవరు చెప్పాలి సార్?"

"నేనే భాయ్. అందుకే నన్ను కూర్చోబెట్టారు. ముందు మోచెయ్యి తగిలింది, తర్వాతే వేలు. మీ పాపకు కూడా ఇదే చెప్పాను. నచ్చకపోతే అప్పీల్ రాయండి."

రాయలేదు. కోపం మాత్రం పోలేదు.

ఆ కోపం వెనక నా జిందగీ ఉంది. ఇఖ్తియార్ అనే మాట వింటే నాకు భయం. అద్దె ఇల్లు చూడటానికి పోతాం. గది ఖాళీ, అద్దె ఖరారు. పేరు చెప్పాక "మా తమ్ముడొస్తున్నాడండీ" అంటారు. రాతలో ఏ రూలూ ఉండదు, అంతా యజమాని ఇష్టం. మాలాంటి వాళ్లకు రాసిన ఉసూలే దిక్కు. కాగితం మన మొహం చూడదు కదా.

ఆ రాత్రి ఫిడే చెస్ నియమాల ముందుమాట చదివాను. ఆటలో వచ్చే ప్రతి పరిస్థితినీ నియమాల్లో రాయలేమని అక్కడ మొదట్లోనే ఒప్పుకున్నారు. లేనిచోట దానిలాంటి సందర్భాన్ని చూసి తేల్చుకోమన్నారు. చదువుతుంటే ఉర్దూ మీడియం రోజుల మాట గుర్తొచ్చింది. ఖియాస్ అంటే ఇదే. రూల్ మరీ వివరంగా ఉంటే ఆర్బిటర్ ఇన్సాఫ్ చేయలేడని కూడా ఉంది. అయితే ఆయనకు సమర్థత, మంచి తీర్పు, నిష్పక్షపాతం ఉన్నాయని నియమాలు ముందే నమ్ముతాయట. నాకు ముల్లు గుచ్చుకున్నది అక్కడే.

2024 డిసెంబర్‌లో న్యూయార్క్ సంగతి చూడండి. కోనేరు హంపి రెండోసారి ర్యాపిడ్ ప్రపంచ టైటిల్ గెలిచిన పోటీలే. మాగ్నస్ కార్ల్‌సన్ జీన్స్ వేసుకొచ్చాడు. అప్పటి డ్రెస్ కోడ్ ఒప్పుకోలేదు. 200 డాలర్ల జుర్మానా వేసి మార్చుకోమన్నారు. రేపు మార్చుకుంటానన్నాడు. తొమ్మిదో రౌండ్‌లో జోడీ వేయలేదు. ర్యాపిడ్ వదిలేసి పోయాడు. అదే రోజు స్పోర్ట్స్ షూ వేసుకున్న నెపోమ్నియాషికీ జుర్మానా పడింది, ఆయన మార్చుకుని ఆడాడు. తర్వాత ఫిడే అధ్యక్షుడు చిన్నపాటి సడలింపులు ఇవ్వొచ్చన్నాడు. కార్ల్‌సన్ జీన్స్‌లోనే వచ్చి బ్లిట్జ్ ఆడాడు. జీన్స్‌లో తప్పేముంది? ఏమీ లేదు. కానీ ఛాంపియన్ వెళ్లిపోయాక వచ్చిన మెహర్బానీ, బూట్లు మార్చుకున్నవాడికి ఏ జవాబిస్తుంది?

అయినా ఒక్క మాట దాచలేను. ఉర్దూ మీడియంలో చదివిన నాకు డిగ్రీలో తెలుగు కుదరదని కాలేజీ గుమాస్తా ఫారం తిరిగిచ్చాడు. అతను రూల్ ప్రకారమే మాట్లాడాడు. పక్కనే ఉన్న తెలుగు లెక్చరర్ కాగితమిచ్చి, మీ ఊరి గురించి ఒక పేజీ రాయమన్నారు. రాశాను. ఒత్తులు తప్పులే. చదివి, "రాయగలడు, రానివ్వండి" అని సంతకం పెట్టారు. ఆ ఇఖ్తియార్ లేకపోతే మీరిప్పుడు ఇది చదివేవాళ్లు కాదు.

ఆ ఇంటి యజమానికీ ఈ సార్‌కూ తేడా ఏమిటి? ఇద్దరిదీ సొంత నిర్ణయమే. సార్ పరీక్ష పెట్టారు, వజహ్ అందరి ముందు చెప్పారు, కింద సంతకం చేశారు. యజమాని వజహ్ దాచుకున్నాడు. చెప్పగలిగిన వజహ్, అడగడానికి ఒక దారి, రెండూ ఉంటే ఇఖ్తియార్‌ను భరించవచ్చు. లేకపోతే అది జబర్దస్తీ.

మరి ఆ ఆర్బిటర్? మర్నాడు మాదాన్ని అడిగాను. అప్పటికి ఏడుపు మరిచిపోయింది.

"నేనడిగాను అబ్బా. నా దుపట్టా తగిలినా ఇట్లనే అంటారా సార్ అని."

"ఏమన్నాడు?"

"అంటానమ్మా, అనకపోతే అప్పీల్ రాయి అన్నాడు. అది ఎట్ల రాయాలి?"

కాగితం తెచ్చి పక్కన కూర్చున్నాను. ముందు ఏం జరిగిందో రాయి, తర్వాత ఏ రూలో రాయి, చివర నీకేం కావాలో రాయి అన్నాను. ఒక పేజీ రాసింది. ఒత్తులు నాకన్నా నయం.